మంచివాళ్ల చేతుల మీదుగా చెడు ఎలా జరుగుతుంది?

ఎక్కడైనా ఒక దారుణం జరిగిన మర్నాడు టీవీ మైకు ముందు ఇరుగుపొరుగు చెప్పే మాట దాదాపు ఒక్కటే: "చాలా మంచోడండీ, ఇలా చేస్తాడని మేమెవరం అనుకోలేదు." కోనసీమలోగానీ భీమవరం పరిసరాల్లోగానీ అలాంటి ఘటన వార్తల్లోకి వచ్చినప్పుడల్లా, ఆ మాట దగ్గరే చర్చ రెండుగా చీలిపోతుంది. అతను మొదటి నుంచీ చెడ్డవాడే, ఇన్నాళ్లూ మంచితనం నటించాడు అని కొందరంటారు. పరిస్థితులు అలా చేయించాయి, ఆ స్థానంలో ఎవరున్నా అంతే అని మరికొందరంటారు. రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉన్నా, ఏదీ చివరిదాకా నిలబడదు. ఆరితేరిన నేరస్థులను పక్కన పెట్టి, పిల్లల్ని బడికి పంపి, పొలానికో ఆఫీసుకో వెళ్లి, పెళ్లికి పిలిస్తే తప్పకుండా వచ్చే మామూలు మనుషుల్లో మంచీ చెడూ ఎలా పనిచేస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ముందుగా మాటల అర్థం

ఇక్కడ చెడు అంటే, ఎదుటివారికి నష్టం కలుగుతుందని తెలిసీ, లేదా తెలుసుకునే వీలు ఉండీ, తగిన కారణం లేకుండా చేసే పని. నష్టం ఒక్కటే ఉంటే సరిపోదు. 1996 నవంబరు 6న గోదావరి జిల్లాల తీరాన్ని తాకిన తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. దాన్ని విపత్తు అంటాం. అలాంటి విపత్తు మధ్యలో ఎవరైనా మంచినీళ్లను పదింతల ధరకు అమ్మితే దాన్ని చెడు అంటాం.

చెడు చేయడానికి ప్రేరణలు కూడా ఒక్కలాంటివి కావు. ఎదుటివాడు బాధపడాలనే కోరికతో చేసేది ఒకటి. తన లాభం కోసం చేస్తూ, మధ్యలో ఎవరికి దెబ్బ తగిలినా ఫర్వాలేదనుకునేది మరొకటి. దెబ్బ తగులుతోందన్న సంగతి వైపే చూడకపోవడం మూడోది. కథల్లోనూ సినిమాల్లోనూ మనకు కనిపించే ప్రతినాయకుడు మొదటి రకం. మామూలు జీవితంలో జరిగే చెడులో ఎక్కువ భాగం మూడో రకమని నా అభిప్రాయం. అందుకే అది చేసినవారికి తాము చెడు చేశామన్న స్పృహ ఉండదు, అడిగితే నిజాయితీగానే ఆశ్చర్యపోతారు.

చెడ్డ పని, చెడ్డ మనిషి అన్నవి వేరువేరు తీర్పులన్నది కూడా ముందే గుర్తుంచుకోవాలి. మొదటిది ఒక ఘటన గురించి చెప్పేది. రెండోది ఒక జీవితం మొత్తం గురించి చెప్పేది కాబట్టి, దానికి కావలసిన ఆధారం చాలా ఎక్కువ.

పుట్టుకతో వచ్చేదేనా?

మన ఇళ్లలో పెద్దలు చెప్పే అరిషడ్వర్గాల లెక్క ప్రకారం కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం ప్రతి మనిషిలోనూ ఉంటాయి. వాటిని అదుపులో పెట్టుకోవడంలోనే తేడా. చైనాలో క్రీస్తుకు పూర్వమే మెన్షియస్ అనే తాత్వికుడు, బావిలో పడబోతున్న పసివాణ్ని చూస్తే ఎవరి గుండెయినా ఒక్కసారి ఝల్లుమంటుందని, మంచితనానికి విత్తనం అదేనని వాదించాడు. ఆయన తర్వాతి తరానికి చెందిన షున్‌జీ దానికి ఎదురు చెప్పాడు. మనిషి స్వభావం స్వార్థమేనని, మంచి అనేది చదువుతో, ఆచారంతో, కష్టపడి తెచ్చుకునేదని ఆయన మాట.

ఆధునిక పరిశోధన ఈ తగవును ఇంకా తీర్చలేదు. 2007లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడాది నిండని పసిపిల్లలకు ఒక బొమ్మలాట చూపించారు. అందులో ఒక బొమ్మ కొండ ఎక్కుతుంటే మరో బొమ్మ సాయం చేస్తుంది, ఇంకో బొమ్మ కిందికి నెడుతుంది. తర్వాత రెండింటినీ ముందుంచితే, ఎక్కువమంది పిల్లలు సాయం చేసిన బొమ్మనే అందుకున్నారు. మంచి పుట్టుకతోనే వస్తుందనడానికి దీన్ని చాలాకాలం ఆధారంగా చూపారు. అయితే ప్రపంచవ్యాప్తంగా అనేక ప్రయోగశాలలు కలిసి, వెయ్యి మందికి పైగా పిల్లలతో ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేసి 2024లో ఫలితాలు ప్రకటించినప్పుడు ఆ మొగ్గు కనిపించలేదు. కాబట్టి పసివాడి మనసులో ముందే ఏదో రాసి ఉందని ఇప్పటికిప్పుడు ధీమాగా చెప్పలేం.

"మీరు కొనసాగించాలి" అని ఎవరో చెప్పినప్పుడు

పరిస్థితులే మనిషిని నడిపిస్తాయనే వాదనకు అతి పెద్ద ఆధారం, అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో మొదలుపెట్టిన ప్రయోగాలు. వచ్చినవారికి ఇది జ్ఞాపకశక్తి మీద పరిశోధన అని చెప్పారు. పక్క గదిలో ఉన్న వ్యక్తి తప్పు జవాబు చెప్పిన ప్రతిసారీ ఒక మీట నొక్కి విద్యుత్ షాక్ ఇవ్వాలి. షాక్ 15 వోల్టులతో మొదలై 450 దాకా పెరుగుతుంది. నిజానికి షాక్ ఏదీ లేదు, పక్క గదిలోని మనిషి నటుడు. మొదట ప్రచురించిన ప్రయోగంలో 40 మందిలో 26 మంది, అంటే 65 శాతం, చివరి మీట దాకా వెళ్లారు. వారు ఎవరినీ ద్వేషించలేదు. చాలామంది చెమటలు కక్కుతూ, వణుకుతూ, ఇది సరికాదని గొణుగుతూనే నొక్కారు.

ఈ 65 శాతం అంకెనే అందరూ చెబుతారు గానీ, అంతకంటే విలువైనవి ఆయన మార్చి మార్చి చేసిన రూపాంతరాలు. బాధపడే వ్యక్తిని అదే గదిలో కూర్చోబెడితే చివరిదాకా వెళ్లినవారు 40 శాతానికి తగ్గారు. అతని చేతిని తామే పట్టుకుని పలక మీద అదమాల్సి వచ్చినప్పుడు 30 శాతానికి తగ్గారు. పక్కన కూర్చున్న ఇద్దరు "మేం చేయం" అని లేచిపోతే 10 శాతమే మిగిలారు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఫలితం ఒకటుంది: మీట నొక్కే పని ఇంకొకరికి అప్పగించి, వచ్చిన వ్యక్తికి ప్రశ్నలు చదవడం వంటి పక్క పని మాత్రమే ఇచ్చినప్పుడు 40 మందిలో 37 మంది ఏ అడ్డూ చెప్పకుండా చివరిదాకా సహకరించారు. అంటే నష్టం ఎంత దూరాన జరుగుతోంది, ఆ పనిలో మన వాటా ఎంత చిన్నదిగా కనిపిస్తోంది, పక్కవాళ్లలో ఎవరైనా కాదన్నారా అన్న మూడు సంగతులు ఆ మనుషుల గుణం కంటే బలంగా పనిచేశాయి.

ఈ ప్రయోగాల మీద గట్టి అభ్యంతరాలున్నాయి. వచ్చినవారిలో కొందరికి షాక్ నిజం కాదన్న అనుమానం కలిగిందని, ప్రయోగం నడిపినవారు రాసుకున్న నిబంధనలు దాటి బలవంతపెట్టారని తర్వాత బయటపడింది. ఆదేశానికి తలొగ్గడం అనే వ్యాఖ్యానమే తప్పని మరికొందరు పరిశోధకులు అంటారు. "మీకు వేరే దారి లేదు, కొనసాగించాల్సిందే" అని కచ్చితంగా ఆజ్ఞాపించినప్పుడు చాలామంది ఎదురుతిరిగారు. "ప్రయోగానికి ఇది అవసరం" అని చెప్పినప్పుడు సాగారు. అంటే వారు భయంతో కాక, ఒక గొప్ప పనిలో భాగమవుతున్నామన్న నమ్మకంతో చేశారన్నమాట. నాకు ఈ వ్యాఖ్యానమే ఎక్కువ సబబుగా తోస్తుంది, మొదటిదానికంటే ఇదే ఎక్కువ కలవరపెడుతుంది కూడా.

1961లో జెరూసలేంలో జరిగిన నాజీ జర్మనీ అధికారి అడాల్ఫ్ ఐక్‌మన్ విచారణను చూసిన తాత్వికురాలు హన్నా అరెంట్, లక్షల మందిని చావు శిబిరాలకు తరలించిన ఆ అధికారిలో రాక్షసుడెవరూ కనబడలేదని, ఆలోచించడం మానేసిన ఒక గుమస్తా కనిపించాడని రాసింది. అతను అర్జెంటీనాలో దాక్కున్నప్పుడు మాట్లాడిన మాటల రికార్డులను పరిశీలించిన చరిత్రకారులు మాత్రం, అతనిది కరడుగట్టిన యూదు ద్వేషమని తేల్చారు. మామూలు మనిషి ఆలోచన మానేస్తే ఎంత దూరమైనా వెళ్లగలడన్న ఆమె భావనకు విలువ పోలేదు. దానికి ఐక్‌మన్ సరైన ఉదాహరణ కాడు.

శివారు చేనుకు నీరందని లెక్క

దూరం, చిన్న వాటా, అందరూ చేస్తున్నారన్న ధైర్యం అనే ఈ మూడూ గోదావరి డెల్టాలో ఎలా కనిపిస్తాయో చూడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 1852లో పూర్తయిన దవళేశ్వరం ఆనకట్ట స్థానంలో తర్వాత వచ్చిన బ్యారేజీ సుమారు 10 లక్షల ఎకరాలకు నీరిస్తోంది. సార్వాలో (ఖరీఫ్ పంటకాలంలో) నీటికి కొరత ఉండదు, ముంపే బాధ. దాళ్వాలో (రబీలో) నది పలచబడినప్పుడు కాలువలకు వంతులవారీగా నీరు వదులుతారు.

ఒక పంట బోదె (పొలాలకు నీరు చేర్చే చిన్న కాలువ) కింద 40 మంది రైతులున్నారనుకుందాం. ఎగువన ఉన్న పదిమంది, తమ వంతు అయిపోయాక అరగంట ఆలస్యంగా తూము మూశారు. ఒక్కొక్కరు తీసుకున్నది అరగంట నీరే. పది అరగంటలు కలిపితే 5 గంటలు. బోదె చివర ఉన్న ఒక కౌలు రైతు వంతు కూడా సరిగ్గా 5 గంటలే. వరి పొట్ట దశలో ఉన్నప్పుడు ఆ తడి తప్పిపోతే వెన్నులో గింజ పాలుపోసుకోదు, కోతల నాటికి తాలే ఎక్కువగా మిగులుతుంది. కౌలు మాత్రం బస్తా తగ్గకుండా కట్టాలి.

ఈ నష్టం ఎవరు చేశారు? పదిమందిలో ఏ ఒక్కరినీ చూపించి "ఇతనే" అనలేం, ఎందుకంటే ఏ ఒక్కరి అరగంట వల్లా ఆ చేను ఎండలేదు. తిలాపాపం తలా పిడికెడు అన్న సామెత చెప్పేది సరిగ్గా ఇదే. వారిని అడిగితే వచ్చే జవాబులు కూడా ఊహించవచ్చు. "నా చేను మెరక, నీరు ఎక్కదు." "అందరూ చేసేదే కదండీ." "లస్కరు (కాలువ నీటి కాపలాదారు) చూసుకోవాలి, మాకేం తెలుసు?" "వాళ్లది పల్లం, ఊట నీరు అందుతుందిలే." మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా, మనిషి తన అంతరాత్మను కాసేపు పక్కన పెట్టే పద్ధతులను వర్గీకరించాడు. బాధ్యతను పైవారి మీదికి నెట్టడం, పదిమందిలో పంచేయడం, నష్టాన్ని తక్కువ చేసి చూడటం, బాధితుడిదే తప్పనడం అందులో ముఖ్యమైనవి. పై నాలుగు జవాబుల్లో ఇవి చాలావరకు ఏదో రూపంలో ఉన్నాయి.

అదే పదిమంది, రేపు ఆ కౌలు రైతు ఇల్లు కాలిపోతే బియ్యం, బట్టలు, చందాలు పట్టుకుని అందరికంటే ముందు వస్తారు. ఆ సాయం నటన కాదు, నీటి విషయంలో జరిగిన అన్యాయం అబద్ధమూ కాదు. కాలిన ఇల్లు కళ్లెదుట ఉంటుంది, ఎండిన చేను రెండు మైళ్ల దిగువన ఉంటుంది.

ఈ ఉదాహరణలో ఒక చిక్కు ఉంది. ఆ పదిమందిలో ఒకరు కూడా అప్పుల్లో మునిగిన చిన్న రైతే కావచ్చు. అతని అరగంటకూ, యాభై ఎకరాల ఆసామి అరగంటకూ ఒకే బరువు వేయడం న్యాయం కాదని వాదించవచ్చు. పూడిక తీయని కాలువ, మరమ్మతు లేని తూము అసలు కారణమైనప్పుడు రైతుల నైతికత గురించి మాట్లాడటమే దారి మళ్లించడమని మరో వాదన. ఇందులో చాలా బలం ఉంది. నీరు పుష్కలంగా ఉన్న సార్వాలో ఇదే మనుషుల మధ్య ఈ తగాదా పుట్టదు. కొరత అనేది మనుషుల గుణాన్ని బయటపెడుతుందని అంటారు గానీ, చాలాసార్లు అది కొత్త గుణాన్నే పుట్టిస్తుంది.

గుంపులో ఉన్నప్పుడు

1964లో న్యూయార్క్‌లో ఒక యువతి హత్యను 38 మంది చూస్తూ ఊరుకున్నారన్న వార్త సంచలనమైంది. ఆ సంఖ్య అతిశయోక్తి అని తర్వాత తేలినా, దాని నుంచి పుట్టిన ప్రయోగాలు ఒక సంగతి బయటపెట్టాయి: చూసేవారు పెరిగే కొద్దీ, ఎవరో ఒకరు చేస్తారులే అన్న భావన ఒక్కొక్కరిలో పెరుగుతుంది. అయితే బ్రిటన్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికా నగరాల్లో వీధి కొట్లాటల సీసీ కెమెరా దృశ్యాలు 219 పరిశీలించినప్పుడు, పదింట తొమ్మిది సందర్భాల్లో కనీసం ఒక్కరైనా అడ్డుపడ్డారని కనిపించింది. ఒక్కొక్కరు వెనకాడవచ్చు, కానీ ఎక్కువమంది ఉన్నచోట ఎవరో ఒకరు కదిలే అవకాశమూ ఎక్కువే. రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేయవు.

ఆవేశపడిన గుంపు సంగతి వేరు. 2022 మే 24న అమలాపురంలో కోనసీమ జిల్లా పేరు మార్పు మీద జరిగిన నిరసన హింసగా మారి, ఒక మంత్రి ఇంటికీ ఒక శాసనసభ్యుడి ఇంటికీ నిప్పు పెట్టేదాకా వెళ్లింది. గుంపులో మనిషి మతి కోల్పోతాడన్నది పాత సిద్ధాంతం. గుంపు కూడా తనదైన నియమాలతో కదులుతుందని, ఎవరి ఇంటిని తాకాలో ఎవరి ఇంటిని వదలాలో దానికి తెలుసని ఇప్పటి పరిశోధకులు ఎక్కువమంది అంటారు. గుంపులో గోవిందా అనేవాడు కూడా ఎవరి గోవిందకు గొంతు కలపాలో ఎంచుకునే కలుపుతాడు.

మనవాళ్లు అనే గీత

నా దృష్టిలో ఈ విషయానికి కీలకం ఇక్కడ ఉంది. ఊరి మాటకు కట్టుబడటం, పెద్దలను కాదనకపోవడం, మనవాళ్లకు అండగా నిలబడటం అనే గుణాలను మనం పిల్లలకు మంచిగా నేర్పుతాం. అవి నిజంగా మంచివే. 1986 ఆగస్టులో దవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి ఏటిగట్లకు గండ్లు పడినప్పుడు, లంకల జనానికి ఆసరా అయినవి ఇవే గుణాలు. కానీ ఊరు ఒకరిని వెలి వేసినప్పుడు, ఆ వెలి అమలయ్యేది కూడా సరిగ్గా ఈ గుణాల మీదే. పాలకోడేరు మండలం గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం విషయంలో వివాదం రేగిన తర్వాత, దళితులను పనులకు పిలవకుండా సాంఘిక బహిష్కరణ జరిగింది. వెలి వేయడానికి ఎవరూ కర్ర పట్టనక్కర్లేదు. పనికి పిలవకపోతే చాలు, పలకరించకపోతే చాలు. నలుగురితో నారాయణ అనుకున్న ప్రతి ఇల్లూ ఏమీ చేయకుండానే అందులో పాలుపంచుకుంటుంది.

ఇది కొత్త కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, దాన్ని అడ్డుకుని బహిష్కరణతో బెదిరించినవారిలో ఎక్కువమంది ఇంటికి వచ్చిన అతిథికి అన్నం పెట్టే సద్గృహస్థులే. తాము ధర్మాన్ని కాపాడుతున్నామనే వారు నమ్మారు. బాలవితంతువు బాధ వారి లెక్కలోకి రాలేదు, ఎందుకంటే ఆ లెక్క రాసేవారిలో ఆమె లేదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది: ప్రపంచంలో అందరినీ మనవాళ్లుగా చూడటం ఎవరి తరమూ కాదు, సొంతవారి మీద ప్రత్యేకమైన ప్రేమ లేకుండా కుటుంబమే ఉండదు. ఇది నిజమే. సొంతవారికి ఎక్కువ చేయడం తప్పు కాదు. గీత అవతల ఉన్నవారికి న్యాయంగా రావలసినదాన్ని కూడా లాక్కోవడం తప్పు. ఈ రెండింటి మధ్య సరిహద్దు ఎప్పుడూ స్పష్టంగా ఉండదు, తగాదాలన్నీ అక్కడే వస్తాయి.

మంచి చేసేవారు వేరే రకమా?

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) దారిన పోయేవారికి, పడవ దిగి వచ్చినవారికి, వేళ కాని వేళలో కూడా కులమతాలు అడగకుండా అన్నం పెట్టింది. ఆమె పేరు చెప్పగానే చేతులు జోడించి మహాత్మురాలంటాం. ఆ గౌరవం ఆమెకు చెల్లవలసిందే, అయినా అలా అనడం వల్ల ఆమె చేసినది మన వల్ల కాదన్న వెసులుబాటు కూడా మనకు దొరుకుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లో లె షాంబోన్ అనే కొండప్రాంతపు ఊరివాళ్లు, చుట్టుపక్కల పల్లెల వారితో కలిసి, వేల మంది శరణార్థులకు, ముఖ్యంగా యూదులకు, ఆశ్రయమిచ్చారు. తలుపు తట్టినవాళ్లను ఎలా పొమ్మంటాం అన్నదే వారు తర్వాత చెప్పుకున్న కారణం. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటక పడవ మునిగినప్పుడు, ప్రాణాలతో బయటపడిన 26 మందిని ఒడ్డుకు చేర్చడానికి ముందుగా పడవలు వేసుకుని వెళ్లింది అక్కడి గిరిజనులే. వీటన్నిటిలోనూ మంచి చేసినవారు సుదీర్ఘంగా ఆలోచించి నిర్ణయించుకోలేదు. అలవాటైన పనిని, ఆపద పెద్దదైనా, ఆపకుండా చేశారు.

ఆ అలవాటును కూడా పరిస్థితి చెడగొట్టగలదు. 1973లో అమెరికాలో మతబోధకులు కావడానికి చదువుతున్న విద్యార్థుల మీద జరిగిన ఒక ప్రయోగంలో, ఆలస్యమైందని చెప్పి తొందరపెట్టినవారిలో 10 శాతం మాత్రమే దారిలో మూలుగుతున్న మనిషి దగ్గర ఆగారు. తీరిక ఉన్నవారిలో 63 శాతం ఆగారు.

మరి బాధ్యత ఎవరిది?

పరిస్థితికి ఇంత బలముంటే శిక్షలెందుకు అన్న ప్రశ్నకు 1942 జులైలో పోలండ్‌లోని యుజెఫూవ్‌లో జరిగిన ఘటన కొంత జవాబిస్తుంది. అక్కడి యూదులను కాల్చి చంపమన్న ఆదేశం వచ్చినప్పుడు, సుమారు 500 మంది ఉన్న జర్మన్ రిజర్వు పోలీసు బెటాలియన్ కమాండర్, తమ వల్ల కాదనుకునే పెద్ద వయసువారు పక్కకు తప్పుకోవచ్చని ముందే చెప్పాడు. డజను మంది తప్పుకున్నారు, వారికి ఏ శిక్షా పడలేదు. మిగతావారిలో చాలామంది పక్కవాళ్ల ముందు పిరికివాడిలా కనిపించడం ఇష్టం లేక నిలబడ్డారు. ఒత్తిడి అందరి మీదా ఒక్కటే, తప్పుకునే దారి కూడా తెరిచే ఉంది.

మన చట్టం ఇలాంటి మెట్లను లెక్కలోకి తీసుకుంటుంది. అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది చట్టవిరుద్ధంగా గుమిగూడి ఉమ్మడి ఉద్దేశంతో నేరం చేస్తే, పాత శిక్షాస్మృతి 149వ సెక్షన్ ప్రకారం ఆ గుంపులోని ప్రతి ఒక్కరూ బాధ్యులే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 190వ సెక్షన్. తక్షణ ప్రాణభయంతో చేసిన పనికి మినహాయింపు ఉంది గానీ, హత్యకు ఆ మినహాయింపు వర్తించదు. అరగంట నీటికీ, పలకరించని మౌనానికీ మాత్రం ఈ సెక్షన్లు సరిపోవు. పదిమంది కలిసి చేసే చిన్న అన్యాయాలకు ఊరి కట్టుబాటే న్యాయస్థానం; ఆ కట్టుబాటే తప్పు చేసినప్పుడు బయటి చట్టం రావాల్సి ఉంటుంది.

సాయం చేయకపోవడాన్ని నేరంగా చూడాలా అన్న విషయంలో దేశాలు రెండు దారులు పట్టాయి. ఫ్రాన్స్, జర్మనీలలో ఆపదలో ఉన్న మనిషికి చేయగలిగిన సాయం చేయకుండా వెళ్లిపోవడం శిక్షార్హం. మన దగ్గర దారిన పోయేవారి మీద అలాంటి సాధారణ బాధ్యత లేదు. రోడ్డు ప్రమాద బాధితుణ్ని ఆస్పత్రికి తీసుకెళ్తే పోలీసు స్టేషను చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయమే జనాన్ని ఆపుతోందని గుర్తించి, సుప్రీంకోర్టు 2016 మార్చిలో సాయం చేసేవారి రక్షణకు మార్గదర్శకాలను ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్‌గా ఆ రక్షణ చేరింది. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి మీద పడి ఉన్న మనిషిని ఆటోలో వేసుకుని ఆస్పత్రికి చేర్చినవారు ఇప్పుడు తమ పేరు, ఫోన్ నంబరు ఇవ్వకుండానే వెళ్లిపోవచ్చు.